బాగా ఊరనివ్వండి

కుట్టుమిషను బాల్కనీలోంచి పడకగదిలోకి వెళ్ళిన రోజున ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆయన మిషను జరిపారు, ఆవిడ చూస్తూ నిలబడింది.

ఆయన ముప్పైమూడేళ్ళు ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి మూడు నెలల కిందటే రిటైరయ్యారు. అక్కడ ఆయన పని కింది గుమస్తాలు రాసిన ఉత్తరాల్లో తప్పులు పట్టడం. ఎర్రసిరా కలం జేబులో పెట్టుకుని వెళ్ళేవారు, అదే జేబులో పెట్టుకుని వచ్చేవారు. రిటైరయ్యాక ఉత్తరాలు పోయాయి గానీ కలం ఉండిపోయింది. మొదటి వారం ఆవిడ రాసిన కిరాణా చీటీ దిద్దారు. రెండో వారం లిఫ్టులో అంటించిన "నీటిని వృధా చేయరాదు" అన్న కాగితం దిద్దారు. 'ధ' పొట్టలో చుక్క పెట్టి 'థ' చేసి, పక్కన పొట్టి సంతకం కూడా గీశారు. ఆనాటి నుంచి ఆ నాలుగంతస్తుల వాళ్ళందరికీ ఆయన పేరు ఎర్రసిరా. ఎదురుపడితే మాత్రం సార్.

అలా దిద్దడానికి ఏమీ మిగలని ఒక మధ్యాహ్నం ఆయనకు ఫోన్లో ఒక వీడియో కనబడింది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు డాబా మీద తొట్టిని బోర్లించాడు. నల్లటి మట్టిలోంచి బంగాళాదుంపలు గలగలా దొర్లాయి. ఒక్క తొట్టికి పది కిలోలన్నాడు. ఆయన ఆ ముక్క ఏడుసార్లు చూశారు.

"ఇదిగో, చూశావా? మట్టి, తొట్టి, బుర్ర. ఈ మూడూ ఉంటే చాలు. మొదటి రెండూ ఎవడైనా కొనుక్కోవచ్చు," అన్నారు.

ఆవిడ మూడోదాని గురించి ఏమీ అనలేదు.

తొట్లు కొనవలసిన అవసరం కూడా లేకపోయింది. సాయంత్రానికి బట్టలు నానబెట్టే టబ్బు, బియ్యం డ్రమ్ము, గోడలకు రంగులేసినవాళ్ళు వదిలేసిన నాలుగు బకెట్లు, కూతురి చిన్నప్పటి స్నానాల తొట్టి, అటక మీదున్న డబ్బాలన్నీ కలిపి పన్నెండు బాల్కనీకి చేరాయి. ప్రెషర్ కుక్కరు ఒక్కటే తప్పించుకుంది, అది అప్పటికి పొయ్యి మీద ఉండటం వల్ల. మొలకలొచ్చిన దుంపలు ఆవిడ కూరల బుట్టలోనే దొరికాయి. వాటిని చెక్క మీద పెట్టి, కూరల కత్తితో, ముక్కకో కన్ను ఉండేలా ఆయన కొలిచి కొలిచి కోస్తుంటే, "నీ దుంప తెగ" అన్న తిట్టు ఒక పని పద్ధతి కూడా అని ఆవిడకు జీవితంలో మొదటిసారి తెలిసింది. బయటికి అనలేదు. లోపల మాత్రం పన్నెండు సార్లు అనుకుంది, తొట్టికొకటి.

బాధల్లా మిషను గురించే. ఆ మూడో అంతస్తులో మంచి వెలుతురు వచ్చే చోటు బాల్కనీ ఒక్కటే. పదిహేనేళ్ళుగా మిషను అక్కడే, గ్రిల్లు పక్కన. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కర్టెన్లు, దిండు గలీబులు. వీధి వీధంతా ఆవిడ దగ్గరికే వచ్చేది. ఆవిడ కుట్టు వెనక్కి తిప్పి చూసినా ముందువైపులాగే ఉండేది. యాభై ఆరేళ్ళ కళ్ళతో పడకగది ట్యూబులైటు కింద కుట్టడం మొదలుపెట్టిన వారంలోనే, కింది అంతస్తు పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు కోసం తీసుకున్న ఆరు తెల్లకోట్లలో రెండింటికి ఎడమ చెయ్యి కుడివైపు పడింది. తెల్లగుడ్డ మీద తెల్లదారం. ఊడదీయడానికి రెండు పూటలు పట్టింది. చేతుల్లో ఉన్న పని చేతుల్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది ఆవిడకు.

"ఏమండీ, ఒక్క మూల వదలండి. మిషనుకు మూడడుగులు చాలు."

అప్పుడే పై అంతస్తులో ఉండే డ్రైవింగ్ స్కూలాయన పంట చూద్దామని వచ్చి ఉన్నాడు. బయటి మనిషి ఎదురుగా ఉంటే ఆయన గొంతు ఆఫీసు గొంతు అయిపోతుంది.

"మూడడుగులంటే రెండు తొట్లు. రెండు తొట్లంటే ఇరవై కిలోలు. నీ కుట్టు ఎప్పుడైనా కిలోల్లో తూగిందా?"

డ్రైవింగ్ స్కూలాయన నవ్వాపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

"పోనీ, ఏమీ రాకపోతే?" అంది ఆవిడ.

"రాకపోతేనా? ఈ పన్నెండు తొట్లలో ఒక్క దుంప కూడా రాకపోతే బాల్కనీ అంతా నీకే వదిలేస్తాను. వస్తే మాత్రం ఈ ఇంట్లో ఇంక మిషను ఊసు వినబడకూడదు. సరేనా?"

"సరే."

"నేను సాక్షి, వదినగారూ," అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన. ఎవరి తరఫు సాక్షో మాత్రం చెప్పలేదు.

మొక్కలు మాత్రం బాగానే వచ్చాయి. అబద్ధం ఎందుకూ. మోకాలెత్తు పెరిగాయి, పచ్చగా, మెత్తగా. మొదట్లో తొట్ల అడుగున చిల్లులుండేవి. నీళ్ళు పోవాలి కదా అని ఆవిడే స్క్రూడ్రైవరు కాల్చి పొడిచింది. ఆయన ఆ చిల్లులకేమీ అనలేదు గానీ కుదురుగా ఉండలేకపోయారు. ఆదివారం వచ్చిందంటే చాలు, కళ్ళజోడు సర్దుకుని, టీ చెంచాతో ప్రతి తొట్టిలోనూ మట్టి తవ్వి లోపల ఏం జరుగుతోందో తనిఖీ చేసేవారు. వేళ్ళు కనబడితే తలూపి మళ్ళీ కప్పేవారు. గుమస్తాల డ్రాయర్లు కూడా అలాగే తెరిచి చూసేవారని ఆవిడ వినివుంది.

పూత వచ్చింది. తెల్లటి పూలు. ఆయన వాటి ఫోటో తీసి, గేటు దగ్గర తోపుడు బండి మీద కూరలమ్మే ఆవిడకు చూపించడానికి కిందికి దిగారు. ఆ కూరలమ్మ పుట్టింటివాళ్ళది దుంపల సేద్యం. సంచీ పట్టుకుని భార్యా వెనకే దిగింది.

"పూత పట్టిందా? అయితే కింద గడ్డ కడుతున్నట్టే సార్," అంది కూరలమ్మ వంకాయలు సర్దుతూ. "ఇంక చెయ్యి పెట్టి కెలక్కండి. బాగా ఊరనివ్వండి."

"ఊరనివ్వాలా? ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళంటే ఏం చెబుతాం. ఎంత ఊరితే అంత మంచిది. ఆకు పండిపోయిందంటే ఊరినట్టే లెక్క. అప్పుడు తవ్వుకోండి."

లిఫ్టులో ఆయన ముఖం వెలిగిపోతోంది. తలుపు తీయగానే చెప్పులు కూడా విడవకుండా, "విన్నావా? నీళ్ళు చాలడం లేదట!" అన్నారు.

"ఆవిడ నీళ్ళ మాటే ఎత్తలేదండీ."

"ఎత్తకపోవడమేమిటి? ఊరనివ్వండి అంది. శనగలు ఊరతాయి. బావిలో నీళ్ళు ఊరతాయి. నోట్లో నీళ్ళు ఊరతాయి. నీళ్ళు లేకుండా ఊరేది లోకంలో ఏదైనా ఉందా, చెప్పు?"

"దుంప ఊరడమంటే మట్టిలో లావెక్కడమండీ. మా అమ్మమ్మ అలాగే అనేది."

"మీ అమ్మమ్మది యాస. నేను చెప్పేది భాష."

ఆయన అంతటితో ఆగే మనిషి కాదు. బీరువా మీదున్న లావుపాటి నిఘంటువు దింపి, దుమ్ము ఊది, వేలు పెట్టి చదివారు. ఊరు, క్రియ, నానుట. టప్పున మూశారు. మూసిన చప్పుడు తీర్పులా ఉంది. తర్వాత కొళాయికి గొట్టం తగిలించడానికి వెళ్ళిపోయారు.

ఆవిడ నిఘంటువు మళ్ళీ తెరిచింది. నానుట తర్వాత ఉబికివచ్చుట. దాని కింద మూడో అర్థం, దుంపలు మొదలైనవి నేలలో పెరుగుట. అచ్చులో, స్పష్టంగా, అమ్మమ్మ చెప్పిన మాటే. ఆవిడ ఆ పేజీలో తెల్లదారం ముక్క ఒకటి పెట్టింది.

భోజనాల దగ్గర మెల్లగా అంది. "ఏమండీ, అందులో మూడో అర్థం కూడా ఉంది. ఒకసారి చూడండి."

"మొదటి అర్థం సరిపోయినప్పుడు మూడోదాని దాకా పోవడం పనిలేనివాళ్ళ పని," అన్నారాయన మజ్జిగ పోసుకుంటూ.

అంతే. రెండుసార్లు చెప్పింది. మూడోసారి కూడా చెప్పవచ్చు. దారం ముక్క ఉన్న పేజీ ఆయన ముక్కు కింద పెట్టవచ్చు, కూరలమ్మను పైకి పిలిపించవచ్చు. ఆ దారులన్నీ ఆవిడకు కనబడుతూనే ఉన్నాయి. కానీ తొట్లో దుంప కుళ్ళితే బాల్కనీ తనది. ఆవిడ పెదవి విప్పలేదు. ముప్పైరెండేళ్ళ కాపురంలో నోరు మూసుకోమన్నప్పుడల్లా చేదుగా ఉండేది. తనంతట తాను మూసుకుంటే ఇంత రుచిగా ఉంటుందని తెలియదు.

ఆయన ముందుగా చిల్లులు పూడ్చారు. ఊరాలంటే నీళ్ళు నిలవాలి కదా. డ్రైవింగ్ స్కూలాయన టైరు పంక్చర్లకు వేసే రబ్బరు బిళ్ళలు డజను తెచ్చిచ్చాడు.

"దేనికండీ ఇవి, సార్?"

"సాంకేతికం. నీకు తర్వాత చెబుతాను."

పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. తొట్లు నిండి, పొర్లి, బాల్కనీ అంచు మీదుగా ఎర్రనీళ్ళు కింది అంతస్తు దండెం మీదికి కారాయి. పళ్ళ డాక్టరుగారు పైకి వచ్చింది, చేతిలో మరకలు పడ్డ తువ్వాలు పట్టుకుని.

"సార్, మీ తోట మా ఇంట్లో పారుతోంది."

"కొద్ది రోజులు ఓపిక పట్టండి డాక్టరుగారూ. ఊరుతున్నాయి."

"ఏవి?"

"దుంపలు."

డాక్టరుగారు ఆవిడ వైపు చూసింది. ఆవిడ తెల్లకోటు గుండీకి దారం చుడుతూ తల ఎత్తలేదు.

పది రోజులకు ఆకులు పసుపెక్కాయి. పదిహేను రోజులకు కాడలు మెత్తబడి తొట్టి అంచుల మీదికి వాలిపోయాయి. ఇంకొకరైతే కంగారు పడేవాళ్ళు. ఆయన మాత్రం చంకలు గుద్దుకున్నారు. ఆకు పండితే ఊరినట్టు లెక్క అని కూరలమ్మే కదా చెప్పింది! మామూలుగా ఇంకో నెల పట్టేది, తన నీటి పద్ధతి వల్ల సగం రోజుల్లోనే పండిందని లెక్క తేల్చారు. లిఫ్టులో కొత్త కాగితం వెలిసింది. ఆదివారం ఉదయం పది గంటలకు మూడో అంతస్తు బాల్కనీలో దుంపల కోత, ఆసక్తిగలవారు సంచులతో రావలసిందిగా మనవి. ఆ కాగితంలో అక్షరదోషం ఒక్కటి కూడా లేదు.

పై ఆయనా, కింది ఆవిడా వచ్చారు. కూరలమ్మను ఆయనే ప్రత్యేకంగా పిలిపించారు, తక్కెడ తెచ్చుకోమని మరీ చెప్పి. చదువుకున్నవాడు సేద్యం చేస్తే ఎలా ఉంటుందో ఆవిడ కళ్ళారా చూడాలని ఆయన కోరిక. కూరలమ్మ గుమ్మం దగ్గరే ఆగి గాలి పీల్చింది. ముక్కు చిట్లించింది.

బాల్కనీలో పాత దుప్పటి పరిచారు. ఆయన చొక్కా చేతులు మడిచి, వీడియోలో టోపీ మనిషిలాగే నిలబడి, బియ్యం డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని బోర్లించారు.

గలగల లేదు. "బ్లుక్" మంది.

నల్లటి ముద్ద ఒకటి మెల్లగా దుప్పటి మీదికి జారి, చుట్టూ నీళ్ళు వదిలి కూర్చుంది. ఆ తర్వాత వాసన వచ్చింది. డ్రైవింగ్ స్కూలాయన మర్యాద కోసం రెండు క్షణాలు ఓర్చుకుని, జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది అడుగున ఉంది కాబట్టి," అన్నారాయన. ఏది అడుగున ఉందో ఎవరికీ అర్థం కాలేదు.

రెండో తొట్టి. మూడోది. కూతురి స్నానాల తొట్టిలోంచి వచ్చింది మరీ పల్చగా ఉంది. ఆరో తొట్టికి డాక్టరుగారు తన సంచీ మడిచి చంకలో పెట్టేసుకుంది. కూరలమ్మ వంగి, ఆ బురదలోంచి గోళీకాయంతవి, ఉసిరికాయంతవి తెల్లటి తోళ్ళు నాలుగు ఏరింది. వేళ్ళ మధ్య నొక్కగానే చిట్లి కారిపోయాయి.

"అయ్యో, గడ్డ బాగానే కట్టింది సార్! ఇంకో నెల ఉంటే బుట్టలు బుట్టలు దిగేవి. ఇన్ని నీళ్ళెందుకు పోశారూ?"

"నువ్వే కదమ్మా ఊరబెట్టమన్నావు!"

కూరలమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఊరబెట్టారా? దుంపల్నా? ఊరనివ్వమంటే నీళ్ళల్లో ఊరబెట్టారా సార్!"

డ్రైవింగ్ స్కూలాయన గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఊరడం అంటే నానడమే," అన్నారాయన గట్టిగా. "నిఘంటువు ఉంది. తప్పు నీ ప్రయోగంలో ఉంది."

"అట్లాగే సార్. ఆ పుస్తకమే నాటుకోవలసింది." కూరలమ్మ ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, మీకైనా తెలీదా ఈ మాట?"

అందరి కళ్ళూ ఆవిడ మీదికి వచ్చాయి. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తెలీదనడం తేలిక.

"తెలుసు," అంది.

"తెలుసా?" ఆయన చేతిలో ఏడో తొట్టి ఆగిపోయింది. "మరి చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పానండీ. మూడోసారి చెప్పలేదు. కావాలనే."

మరొకప్పుడైతే ఆ మాటకు ఇల్లు ఎగిరిపోయేది. నలుగురూ ఉన్నారు కాబట్టి ఆయన మిగతా తొట్లు బోర్లించారు, ఒకదాని వెంట ఒకటి, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు. పన్నెండోది రంగు బకెట్టు. దాని అడుగున అంటించిన రబ్బరు బిళ్ళ సగం ఊడివుంది. అందులోని ముద్ద కాస్త గట్టిగా ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పది వేళ్ళతో గాలించారు. లేచేసరికి చేతిలో ఒకటి ఉంది. రేగుపండంత. పంట్లాముకు తుడిచి పైకెత్తి పట్టుకున్నారు. చిట్లలేదు. దుంపే.

"ఇదిగో!" అన్నారు. గొంతు కీచుగా వచ్చింది, సర్దుకుని మళ్ళీ, "ఇదిగో. ఒక్క దుంప కూడా రాకపోతే అన్నాను. వచ్చింది. సాక్షి ఎవరో?"

డ్రైవింగ్ స్కూలాయన ఇబ్బందిగా కదిలాడు. "అన్నమాటైతే అదే సార్... కానీ..."

"కానీ లేదు. మాట మాటే. ఏమే, నువ్వు చెప్పు. ఇది దుంపా, కాదా?"

కూరలమ్మ తక్కెడ ఎత్తి చూపించింది, తూచమంటారా అన్నట్టు. డాక్టరుగారు తన కోట్లు కుట్టే మనిషి ముఖంలోకి జాలిగా చూస్తోంది. ఆవిడ చూపు ఖాళీ గ్రిల్లు వైపు పోయింది. పదిహేనేళ్ళ వెలుతురు ఒక రేగుపండంత గడ్డకు పోవడమా? గదిలో ట్యూబులైటు కింద ఇంకా నాలుగు కోట్లున్నాయి. కాదని వాదించవచ్చు, ఏడవవచ్చు, నలుగురినీ తీర్పు అడగవచ్చు. వాదనలో ఈ మనిషిని గెలిచినవాళ్ళు లేరు. ఆయన వాదన కోసమే ఎదురు చూస్తున్నారు. ఆవిడ ఆ దుంపను తీసుకుని వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసింది, గుండీ నాణ్యం చూసినట్టు.

"దుంపే," అంది. "ఒప్పుకున్నాను. మీరే గెలిచారు. బాల్కనీ మీది."

ఆయన ఛాతీ పొంగింది.

"ఇంక కడుక్కోండి," అంది.

"ఏమిటి?"

"బాల్కనీ మీదన్నాక బురదా మీదే కదండీ. పన్నెండు తొట్లూ మీవే. నా మిషను ఇక్కడ లేదు, నాకు ఇక్కడ పనీ లేదు."

"మట్టి తొట్లు లిఫ్టులో దింపకూడదు సార్," అంది డాక్టరుగారు వెంటనే, చాలా మర్యాదగా. "మెట్ల మీదుగానే. సాయంత్రం లోపల అయితే బావుంటుంది. వాసన కింద దాకా వస్తోంది."

వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. కూరలమ్మ మెట్లు దిగుతూ నవ్విన నవ్వు రెండో అంతస్తు దాకా వినబడింది.

ఆవిడ పడకగదిలో మిషను ముందు కూర్చుంది. పది నిమిషాలకు ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"చీపురెక్కడుంది?"

"స్నానాల గది తలుపు వెనక. ముప్పైరెండేళ్ళుగా అక్కడే ఉంది."

మొదటి తొట్టి దిగింది. మెట్ల దారిలో ఒక్కో అంతస్తులో ఎవరో ఒకరు తలుపు తీసి, "ఊరాయా సార్?" అని పలకరించడం ఆవిడకు పైకి వినబడుతూనే ఉంది. నాలుగో తొట్టి తర్వాత ఆయన నడుం పట్టుకుని వచ్చారు.

"ఇదిగో, ఆలోచించాను. మూడడుగులు అడిగావుగా. తీసుకో. ఆ మేరకు నువ్వు కడుగు."

"వద్దండీ. మాట మాటే."

ఏడో తొట్టికి సగం బాల్కనీ ఇస్తానన్నారు. ఆవిడ కంటిదగ్గర సూది పెట్టుకుని దారం ఎక్కిస్తోంది. ఎక్కలేదు. తడి చేసి మళ్ళీ ప్రయత్నించింది.

పదో తొట్టి తర్వాత గుమ్మంలోకి రాకుండా బాల్కనీలోంచే అరిచారు. "మొత్తం తీసుకోవే తల్లీ! నాకొద్దు ఈ బాల్కనీ!"

మిషను ఆగింది.

"నలుగురిలో అన్న మాట కదండీ. నలుగురికీ చెప్పాలి మరి."

"చెబుతాను."

"ముందు కడగండి. కడిగాక చూసి తీసుకుంటాను."

సాయంత్రం నాలుగున్నరకు ఆవిడ వెళ్ళి చూసింది. నేల బాగానే ఉంది. గోడ మీద చారలు పోయాయి. కళ్ళజోడు సవరించుకుని వంగింది.

"గ్రిల్లు కింద జిగురు మిగిలిపోయింది."

ఆయన ఏదో అనబోయి, పాత పళ్ళు తోముకునే బ్రష్షు తెచ్చుకుని కూర్చున్నారు. అది కూడా పోయింది. ఆవిడ వేలితో రాసి చూసి తలూపింది. అప్పుడు డ్రైవింగ్ స్కూలాయన్ను పిలిపించింది. అతని ఎదురుగానే బాల్కనీ తనదేనని భర్త చేత చెప్పించి, అతని చేతే మిషనుకు ఒక పక్క పట్టించి, గ్రిల్లు దగ్గర పాత చోట పెట్టించింది.

ఇంకా గంట వెలుతురుంది. తెల్లకోటు మీద తెల్లదారం పోగు పోగుగా కనబడుతోంది. సూదిలోకి దారం మొదటిసారికే దూరింది. కుడి చెయ్యి కుడివైపే పడింది.

మోకాళ్ళ దాకా తడిసిన పంట్లాముతో ఆయన వచ్చి గ్రిల్లుకు ఆనుకుని నిలబడ్డారు.

"ఏదేమైనా, ఒక్కటైతే వచ్చింది కదా," అన్నారు.

"వచ్చిందండీ," అంది ఆవిడ పాదం ఆపకుండా. "కాస్త వెలుతురు అడ్డం తప్పుకోండి."